పొత్తు కాగితం మీద మా దస్కతు ఊరికె రాదు

పోయిన ఎండాకాలం ఇబ్రహీంపట్నం మండలంలోని మా వాడకు ఒక కారు వచ్చింది. దిగినోళ్లు ముగ్గురు. ఒకాయన సాగర్ రోడ్డు మీది ఒక ఇంజనీరింగు కాలేజీలో ప్రొఫెసరు. ఒకామె అదే కాలేజీలో విదేశీ వ్యవహారాలు చూసే ఆఫీసరు. మూడో మనిషి మెడల కెమెరా వేసుకున్న పిల్లగాడు. బాబాసాహెబ్ విగ్రహం కాడ నిలబడి మమ్ముల పిలిపించిండ్రు. పోయినం. నీళ్లిచ్చినం. ఆమె తాగింది. ప్రొఫెసరు సారు మాత్రం బాటిలు కారులున్నదన్నడు.

సంచిలకెల్లి ఇంగ్లీషులో టైపు కొట్టిన రెండు పేజీల కాగితం తీసిండు. "ఇది మీ సంఘం లెటర్‌హెడ్ మీద కొట్టించి, దస్కతు పెట్టి, ముద్ర వేసి ఇయ్యండి. ఇయ్యాల్నే కావాలె. ఎల్లుండి ఆఖరు తారీఖు" అన్నడు. ఏందిది సారూ అంటే, యూరపు యూనివర్సిటీలతోటి కలిసి మా కాలేజీ ఒక ప్రాజెక్టు పెడుతున్నది, మీ అసుమంటి వెనుకబడిన వర్గాల పిల్లల కోసమే అన్నడు.

మా వాడల డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక ఆడపిల్ల ఉన్నది. ఆ పిల్లను పిలిచి చదువుమన్నం. చదివి తెలుగుల చెప్పింది. 'ఈ ప్రాజెక్టు ఆలోచన పుట్టిన నాటి నుంచి మా సంఘం పాలుపంచుకున్నది' అని మొదటి పేజీల ఉన్నది. 'మా గ్రామంలో అనేక సమావేశాలు జరిగినవి' అని రెండో పేజీల ఉన్నది. వాళ్లు మా వాడ మొఖం చూసుడే ఆ రోజు మొదలు! "సారూ, ఆ సమావేశాలు ఏ తారీఖున జరిగినయి, మాకు యాదికి లేదు" అని మా పెద్దవ్వ అడిగింది. ఆయన నవ్విండు. "అది ఫార్మాట్ అమ్మా, అందరు అట్లనే రాస్తరు" అన్నడు. అసలు దరఖాస్తు చూపించుమన్నం. అందులో లెక్కల పేజీ చూపించుమన్నం. అది రహస్యమట, చూపించరాదట.

మేం దస్కతు పెట్టలే. కెమెరా పిల్లగాడు మాత్రం విగ్రహాన్ని, ఎనుక నిలబడ్డ మా పిల్లలను ఫోటో తీసుకొనే పోయిండు. ఆ ఫోటో ఏ దేశంల ఏ కాగితం మీద అచ్చయిందో మాకు ఎరుక లేదు.

ఆ రోజు నుంచి మా మీద మాటలు పడుతున్నయి. కాలేజోళ్లు అంటే లెక్క చేయకపోదుము. మనోళ్లే అంటున్నరు. "వచ్చే పైసలను కాలుతోటి తన్నిండ్రు" అని ఒకాయన. "మీకు కొట్లాడుడు వస్తది, రాసుడు రాదు" అని పక్క ఊరి అన్న ఇంకొకాయన. మొదటి మాటకు జవాబు సులువు. ఆ కాగితంల మాకు వచ్చే పైస ఒక్కటి కూడా లేదు, ఎట్ల లేదో కింద చెప్తం. రెండో మాటనే గుచ్చుకున్నది. ఎందుకంటే అందుల సగం నిజం ఉన్నది. అందుకే ఈ రాత.

ముందుగాల అసలు ఇదేం యవ్వారమో తెలుసుకుందాం. ఒక దేశం యూనివర్సిటీ ఇంకొక దేశం యూనివర్సిటీతో కలిసి పనిచేయడానికి సర్కార్లు, సంస్థలు పైసలు ఇస్తయి. బ్రిటన్, మన దేశం కలిసి 2006లో యుకీరి అని ఒకటి మొదలుపెట్టినయి. మన కేంద్ర ప్రభుత్వం 2018లో స్పార్క్ అనేది తెచ్చింది. యూరపు దేశాల కూటమిది ఎరాస్మస్ ప్లస్. మన పిల్లగాడు ఒక్కడు ఫారిన్ పోయి చదువుకునే స్కాలర్‌షిప్ వేరు, ఇది వేరు. స్కాలర్‌షిప్ మనిషికి వస్తది. ఇది సంస్థకు వస్తది. కొత్త కోర్సు తయారు చేసుడు, పంతుళ్లకు శిక్షణ, అటు పిల్లలు ఇటు, ఇటు పిల్లలు అటు పోవుడు, ల్యాబులు, సమావేశాలు. పెద్ద మొత్తాలు. ఎరాస్మస్ ప్లస్‌లో ఉన్నత విద్యా సంస్థల సామర్థ్యం పెంచే విభాగం ఒకటున్నది. అందుల అన్నిటికన్న చిన్న మెట్టుకే 2 లక్షల నుంచి 4 లక్షల యూరోలు. ఆ మెట్టు పెట్టిందే ఇంతకుముందు ఇటువంటి పొత్తుల అనుభవం లేని సంస్థల కోసం, అవకాశాలు తక్కువున్న విద్యార్థుల కోసం. ఈ మాట గుర్తు పెట్టుకోండి. అవకాశాలు తక్కువున్నోళ్లు అనే మాట అక్కడ అచ్చులో ఉన్నది కాబట్టే కారు మా వాడకు వచ్చింది.

ఆ దరఖాస్తుకు మార్కులు వేస్తరు, పది పరీక్ష పేపరుకు వేసినట్టే. మొత్తం 100. ఈ పని ఎందుకు అవసరం, ఎవరికి అవసరం అనేదానికి 30. పని ఎట్ల చేస్తరు అనేదానికి 30. ఎవరెవరు కలిసిండ్రు, ఎవరి పాత్ర ఏంది అనేదానికి 20. పైసలు అయిపోయినంక ఏం మిగులుతది అనేదానికి 20. మొత్తం మీద 60 దాటాలె. అవసరం అనే భాగంలో 15 కన్న తక్కువ వస్తే మిగతావి ఎంత బాగున్నా పక్కకు పెడతరు.

మరి ఆ 30 మార్కుల అవసరం ఎవరిది? మనది. మన పిల్లలు ఇంటర్‌ల ఆగిపోవుడు, డిగ్రీల ఇంగ్లీషుకు జంకి వెనుక బెంచీల కూసునుడు, ఇంజనీరింగుల బ్యాక్‌లాగులు పడి అడ్డా కూలీకి పోవుడు. మన కష్టం లేకపోతే వాళ్ల కాగితానికి 15 కూడా రాదు. కలిసినోళ్లు ఎవరు అనే 20 మార్కులకు కూడా మన లెటర్‌హెడ్ కావాలె. అంటే 50 మార్కుల సరుకు మన ఇంట్ల ఉన్నది. ఆ సరుకుకు వాళ్లు కట్టిన ధర ఎంత? ఒక ఫోటో.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది, మన సంఘాలన్నీ తెలుసుకోవాలె. ఈ దరఖాస్తులల్ల పొత్తుదారులు రెండు రకాలు. ఒకరు పూర్తి పొత్తుదారు, ఆయనకు లెక్కల పేజీల ఒక వరుస ఉంటది. ఇంకొకరు 'అసోసియేటెడ్ పార్ట్‌నర్'. వినడానికి ఇంపుగ ఉన్నది. ఎరాస్మస్ నియమాల ప్రకారం ఆ రెండో రకపు పొత్తుదారుకు గ్రాంటుల పైస రాదు. పనిల ఉంటడు, పేరుల ఉంటడు, లెక్కల ఉండడు. మా ముందుర పెట్టిన కాగితం అదే రకం. వచ్చే పైసలు తన్నిండ్రు అన్న అన్నకు మా జవాబు ఇది. పైసలు ఉంటే కద తన్నేది!

పొత్తు అంటే ఏందో మనకు ఇంగ్లీషోళ్లు చెప్పనక్కర లేదు. పాలుకు చేసినోళ్లం. పాలుకు భూమి తీసుకునే నాడే మాట్లాడుకుంటం, విత్తనం ఎవరిది, ఎరువు ఎవరిది, ఎడ్లు ఎవరివి, కల్లంల కుప్ప ఎన్ని వంతులు. మాట్లాడుకోకుండ దుక్కిల దిగినోడు పాలుదారు కాడు, జీతగాడు. ఈ కాలేజోళ్లు పాలు అని పిలిచి జీతానికి పెట్టుకుంటున్నరు. జీతం కూడ లేదు, వెట్టి.

మన కథను ఇంకొకరు రాసి దేశాలకు పంపుడు కొత్త కాదు. ఒంగోలుల అమెరికన్ బాప్టిస్టు మిషన్ క్లౌ దొర 1870లలో తన దేశానికి ఉత్తరాలు రాసేటోడు. 1876-78 కరువుల బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు పట్టి మన మాదిగలకు పని చూపించిండు. 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిండ్రు. ఆ వార్త అమెరికాల చర్చీలను కదిలించింది, చందాలు వచ్చినయి, బడులు వచ్చినయి. ఆ బడులల్ల మనోళ్లు అక్షరం దిద్దిండ్రు, కాదనం. కాని ఆయనకన్న ముందే వాడవాడ తిరిగి మనుషులను కూడగట్టిన యెర్రగుంట్ల పేరయ్య మాదిగ. ఆ పని ఆయనది, ఉత్తరం కింద దస్కతు దొరది. నూట యాభై ఏండ్లయినా దస్కతు ఇంక చేతులు మారలేదు. క్లౌ దొర కరువుల గంజి అన్న పోసిండు, ఈ దొరలు మన వాడల నీళ్లు కూడ తాగరు.

ఇగ రాసుడు రాదన్న మాటకు వద్దాం. ఈ తాలూకాల మనం రాయలేదా? 1980లల్ల ఇబ్రహీంపట్నం తాలూకాల వ్యవసాయ కూలీల సంఘం నడిచింది. ఆ పనిల ఉన్న గీతా రామస్వామి 2022లో అచ్చయిన తన ఇంగ్లీషు పుస్తకంలో ఆ కాలం గురించి రాసింది. వెట్టి విడుదల కోసం, భూమి కోసం, కూలి రేట్ల కోసం మనోళ్లు ఎన్ని అర్జీలు పెట్టిండ్రో పాత మనుషులను అడుగుండ్రి. జీతగాని పేరు, తండ్రి పేరు, ఏ దొర కాడ, ఎన్నేండ్ల కెల్లి, ఎంత అప్పుకు, ఏడాదికి ఇచ్చిన గింజలెన్ని, గొంగడి ఇచ్చిండా లేదా. అన్నీ ఒక్క కాగితం మీద ఉండేటివి. కింద ఏలిముద్ర. 1976 వెట్టిచాకిరి రద్దు చట్టంల ఒక గట్టి మాట ఉన్నది. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకునే భారం అప్పు ఇచ్చినోని మీదనే. కాబట్టి మన అర్జీల ఏడుపు ఉండకపోయేది, లెక్క ఉండేది. గట్లాంటి అర్జీ రాయించిన తల్లులకు అవసరం అనే 30 మార్కుల పేజీ రాయుడు రాదంటే మేం నమ్మం. రానిది ఇంగ్లీషు. ఇంగ్లీషు రాకపోవుడు, రాసుడు రాకపోవుడు ఒకటి కాదు.

అన్నిటికన్న గొప్ప దరఖాస్తు రాసినాయన మన విగ్రహంల నిలబడే ఉన్నడు. 1942 జులైల బాబాసాహెబ్ వైస్రాయి కార్యవర్గంల చేరిండు. అదే ఏడు అక్టోబరు 29న వైస్రాయి లిన్లిత్‌గోకు ఒక వినతిపత్రం ఇచ్చిండు, షెడ్యూల్డు కులాల బాధల మీద. చదువు కాడికి వచ్చేసరికి ఏమడిగిండు? యూనివర్సిటీలల్ల సైన్సు, సాంకేతిక విద్య చదివే మన పిల్లలకు ఏటా 2 లక్షలు, విదేశీ యూనివర్సిటీలల్ల చదువుకు ఏటా 1 లక్ష. మొత్తం 3 లక్షలు. ఆ 3 అనే అంకె గాలిలకెల్లి రాలే. బనారస్ హిందూ యూనివర్సిటీకి, అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీకి సర్కారు ఇస్తున్న సొమ్మును చూపించి, వాళ్లకు ఇచ్చినప్పుడు మాకెందుకు ఇయ్యవు అని నిలదీసిండు. దయ ఉంచి అన్న మాట మీద ఆయన ఆధారపడలే, పోల్చి చూపిండు. 1944 కాడికెల్లి సర్కారు షెడ్యూల్డు కులాల స్కాలర్‌షిప్పులకు ఏటా 3 లక్షలు పెట్టింది. ఇయ్యాల మన పిల్లలు తీసుకునే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ కు మూలం అక్కడ ఉన్నది.

ఆ దరఖాస్తును కాలేజోళ్లు తెచ్చిన కాగితంతోటి పక్కపక్కన పెట్టి చూసినం. వీళ్ల కాగితంల మనం 'దుర్బలులం', 'అవగాహన లేనోళ్లం', 'ప్రేరణ కావాల్సినోళ్లం'. బాబాసాహెబ్ కాగితంల మన ప్రజలకు రావలసింది రాలేదు, అది ఇంత, ఇగో లెక్క. మన పిల్లలకు ప్రేరణ తక్కువా? పొద్దుగాల నాలుగు గంటలకు లేచి మల్లె తోటల పూలు తెంపి, రెండు బస్సులు మారి కాలేజికి పోయే ఆడపిల్లకు ప్రేరణ నేర్పుతందుకు యూరపుకెల్లి మనిషి రావాల్నా? ఆ పిల్లకు కావాల్సింది హాస్టలు. టైముకు పడే స్కాలర్‌షిప్.

దస్కతు పెట్టేముందు ఏం చదవాల్నో కూడ బాబాసాహెబ్ బతుకే చెప్తది. 1913ల బరోడా మహారాజు స్కాలర్‌షిప్ మీద కొలంబియా యూనివర్సిటీకి పోయిండు. నెలకు పదకొండున్నర పౌన్లు, మూడేండ్లు. తిరిగి వచ్చినంక పదేండ్లు బరోడా కొలువు చేస్తనని ఒప్పందం మీద దస్కతు పెట్టి పోయిండు. మాట ప్రకారం 1917ల బరోడాకు వచ్చిండు. అంత చదివినాయనకు ఆ ఊర్ల ఉండటానికి ఇల్లు దొరకలే. ఆఫీసుల ఫైళ్లు దూరం కెల్లి విసిరిండ్రు. ఒప్పందంల జీతం రాసి ఉన్నది, చదువు రాసి ఉన్నది, కులం సంగతి రాసి లేదు.

అందుకే ఈ పొత్తు ఒప్పందాలల్ల కులం అనే మాట ఉండాలె అని మేం అంటున్నం. ప్రొఫెసరు సారుకు ఇదే చెప్తే, "విదేశీయులకు కులం అర్థం కాదు, గలీజు చేయకండి" అన్నడు. అర్థం కాదా? అమెరికల బ్రాండైస్ యూనివర్సిటీ 2019 డిసెంబరుల తన వివక్ష వ్యతిరేక నియమాలల్ల కులాన్ని చేర్చింది. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022 జనవరిల చేర్చింది. సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిల చట్టమే చేసింది. వాళ్లకు ఎట్ల అర్థమయింది? మనోళ్లు అక్కడిదాక పోయి, అక్కడి క్లాసు రూములల్ల, కంపెనీలల్ల, కిరాయి ఇండ్లల్ల మన దేశపు అగ్రకులపోళ్ల చేతుల మళ్లా అవే మాటలు పడ్డరు కాబట్టి. తెలుగోళ్లు విమానంల కులాన్ని ఆవకాయ జాడీ లెక్క పదిలంగ పట్టుకపోయిండ్రు. మరి ఇక్కడి కాలేజి, అక్కడి యూనివర్సిటీ కలిసి సంతకాలు చేసుకుంటే, పిల్లలు అటు ఇటు పోతే, కుల వివక్ష జరిగితే ఫిర్యాదు ఏ దేశంల పెట్టాలె, ఎన్ని రోజుల్ల తీర్చాలె అనేది రాసి ఉండాల్నా వద్దా?

స్కాలర్‌షిప్ పైసలు నెలనెల ఎవరు వేస్తరు, ఆగితే ఎవరు జవాబుదారు అనేది కూడ రాసి ఉండాలె. 2016 జనవరి 17న హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీల రోహిత్ వేముల పోయిన రోజున ఆయనకు 7 నెలల ఫెలోషిప్, 1 లక్షా 75 వేలు రావలసి ఉన్నది. చివరి ఉత్తరంల కూడ ఆ బాకీ లెక్క రాసి పోవలసి వచ్చింది ఆ పిల్లగానికి. గ్రాంటు దరఖాస్తుల 'ఆర్థిక నిర్వహణ' అనే పేజీ చూసినప్పుడల్లా మాకు ఆ లెక్కనే యాదికొస్తది.

ఇప్పుడు సర్కారు దిక్కు చూద్దాం. గేటు కాడ ఏ బోర్డు పెట్టిండ్రో చూడండి. స్పార్క్ పైసలకు ర్యాంకులల్ల మొదటి వందల ఉన్న సంస్థలకే ప్రధానంగ దారి. 2022ల యూజీసీ విదేశీ యూనివర్సిటీలతోటి ఉమ్మడి డిగ్రీల నిబంధనలు తెచ్చింది. దానికి నాక్ స్కోరు 3.01 అన్న ఉండాలె, లేకుంటే మొదటి వంద ర్యాంకులల్ల అన్న ఉండాలె, లేకుంటే కేంద్రం గుర్తించిన శ్రేష్ఠ సంస్థ అయ్యుండాలె. మన పిల్లలు ఎక్కువున్న సర్కారు డిగ్రీ కాలేజీలు ఎన్ని ఈ గడప దాటుతయి? పంతులు పోస్టులు నింపరు, ల్యాబులు ఇయ్యరు, స్కోరు రాలేదని గేటు మూస్తరు. వెనుకబడినోళ్లకు పొత్తు అవసరం అని పీఠికల రాసి, వెనుకబడితే పొత్తు లేదని నిబంధనల రాసుకున్న తెలివి ఇది.

ఇంకో దిక్కు మన పిల్లలు ఫారిన్ చదువుకు పోయే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్. 1954-55 కాడి నుంచి ఉన్నది. 2022 ఫిబ్రవరిల కొత్త నిబంధన పెట్టిండ్రు. భారతదేశ సంస్కృతి, చరిత్ర, ఇక్కడి సమాజం మీద పరిశోధన చేస్తనంటే ఈ పైసలు ఇయ్యరట. అంటే మాదిగోని బిడ్డ లండన్ పోయి కంప్యూటరు చదవొచ్చు, కులం గురించి చదవరాదు. కొలంబియాల 1916ల బాబాసాహెబ్ చదివి వినిపించిన వ్యాసమే కులాల పుట్టుక మీద. ఇయ్యాలటి నిబంధన అప్పుడుంటే ఆయన దరఖాస్తు చెత్తబుట్టల పడేది. ఆ స్కాలర్‌షిప్ కు కూడ 2025ల 106 మందిని ఎంపిక చేసి, మొదలు 40 మందికే ఉత్తరాలు ఇచ్చిండ్రు. మిగతా పిల్లలకు పైసలుంటే చూస్తమన్నరు. సీటు వచ్చిన యూనివర్సిటీ ఆగుతదా, పైసలుండేదాక?

విదేశీ విరాళాల చట్టం సంగతి కూడ తెల్వాలె. 2020ల దాన్ని బిగించిండ్రు. ఆ చట్టం కింద పైసలు తెచ్చుకునే సొసైటీ, ట్రస్టు ఏదైన సరే ఢిల్లీల స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలనే ఖాతా తెరిచి తీసుకోవాలె. తీసుకున్నది ఇంకొక సంస్థకు పంచరాదు. ఆఫీసు ఖర్చులకు 20 శాతం దాటరాదు. పెద్ద సంస్థలకు ఇది చిన్న ముల్లు, చిన్న సంఘాలకు గొంతుల ఎముక. ఊరి సంఘానికి నేరుగ విదేశీ పైస రాదు, వచ్చిన సంస్థ మనకు పంచదు. "చట్టం ఒప్పుకోదు, మేమేం చేస్తం" అని కాలేజోళ్లు చేతులెత్తేస్తరు. కాని గ్రాంటు పంచుడు వేరు, చేసిన పనికి ప్రతిఫలం ఇచ్చుడు వేరు. మన ఊర్ల సర్వే చేసే పిల్లకు కూలి, సభ పెట్టిన హాలుకు కిరాయి, మన పాటగానికి, మన డప్పుకు రుసుము. ఇవన్ని లెక్కల పేజీల ముందే వరుసలు కావాలె. తర్వాత అడిగితే బడ్జెట్‌ల లేదంటరు. అందుకే ఆ పేజీ మాకు చూపియ్యలే.

మేం పొత్తులు వద్దంటలేం. కాలేజీలు మా శత్రువులని కూడ అంటలేం, మా పిల్లలు వాటిల్లనే చదువుతున్నరు. 2008ల ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చినంక సాగర్ రోడ్డు పొడుగున కాలేజీలు లేచినయి. మన పిల్లల పేరు మీద వచ్చే సర్కారు ఫీజు ఆ బిల్డింగులల్ల ఉన్నది. ఆ ఫీజు బకాయిలు రాలేదని 2025 నవంబరుల రాష్ట్రంల ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టినయి. బంద్ పెట్టినంత సేపు మన పిల్లలే బయట నిలబడ్డరు. మన పేరుతోటి ఫీజు, మన పేరుతోటి గ్రాంటు. మరి పాలకవర్గంల మన పేరు ఏది, పంతుళ్లల్ల మన పేరు ఎంత, విదేశం పోయే పిల్లల లిస్టుల మన పేరు ఎన్నోది? ఈ మూడు అంకెలు దరఖాస్తుల పెట్టే దమ్మున్న కాలేజి వస్తే దస్కతు మేమే వాళ్లింటికి పోయి పెట్టొస్తం.

ఇంకొక సంగతి, మనలో మనం మాట్లాడుకోవలసింది. 'దళితులు' అని ఒక్క మాట రాసి అందరిని ఒక్క గంపల వేసుడు కాలేజోళ్లకు అలవాటు, మనకు కూడ కొంచెం అలవాటే. 2025 ఏప్రిల్ 14 నుంచి ఈ రాష్ట్రంల 59 కులాలను మూడు గుంపులు చేసి వర్గీకరణ అమలుకు తెచ్చిండ్రు. అన్నిటికన్న వెనుకున్న 15 కులాలకు 1 శాతం, 18 కులాలకు 9, మిగతా 26 కులాలకు 5. అవసరం గురించి రాసేటప్పుడు బుడగజంగాల పిల్ల సంగతి, మాదిగ పిల్ల సంగతి, మాల పిల్ల సంగతి వేరువేరుగ రాయాలె. మన సంఘంల ఇంగ్లీషు వచ్చిన నలుగురు ఏ కులపోళ్లో వాళ్ల బాధనే అందరి బాధ అని రాస్తే, కాలేజోళ్లు చేసిన పనే మనం చేసినట్టయితది. ఈ మాటకు మా మీటింగుల లొల్లి అయింది. కానియ్యుండ్రి.

పొత్తుదారు ఎవరైతే బాగుంటదని మమ్ముల అడిగితే మా లెక్క వేరు. సాంఘిక సంక్షేమ గురుకులాల కింద 2016ల 30 మహిళా డిగ్రీ కాలేజీలు పెట్టిండ్రు. అన్నీ హాస్టలు కాలేజీలు. ఇండ్లల్ల డిగ్రీ గడప తొక్కుతున్న మొదటి ఆడపిల్లలు వాళ్లు. 'ఇంతకుముందు పొత్తు అనుభవం లేని సంస్థ' అని యూరపోళ్లు రాసుకున్న మాటకు ఈ కాలేజీలు సరిగ్గ సరిపోతయి. ఒక్కటి ముందుకు రాకపోతే నాలుగు కలవాలె. యూనివర్సిటీ ఒకటి తోడు తెచ్చుకోవాలె. హైదరాబాదుల అంబేద్కర్ పేరుతోటి ఓపెన్ యూనివర్సిటీ ఉన్నది, 1982ల పుట్టింది, దేశంల అదే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. పని చేసుకుంట చదువుకునే కూలోని పిల్లకు దూరవిద్య కోర్సు ఎట్లుండాల్నో అది విదేశమోళ్లకు నేర్పగలదు, నేర్చుకునుడే కాదు. పొత్తు అంటే ఇద్దరు ఇచ్చుకునుడు కదా. మనకు ఇచ్చేది లేదని ముందే ఒప్పుకొని ఎందుకు పోవాలె?

రాసుడు రాదన్న అన్నా, నువ్వన్న సగం నిజం ఒప్పుకుంటున్నం. ఆ మూసల, ఆ ఇంగ్లీషుల, వాళ్లడిగినన్ని అక్షరాలల్ల రాసుడు మాకు ఇంక చేత కాదు. ఆఖరు తారీఖులు మాకు తెలిసేసరికి అయిపోతయి. ఏటా ఏ నెలల పిలుపు వస్తదో కాలేజోళ్లకు ముందే తెలుసు, మనకు కారు వచ్చినంక తెలుస్తది. అందుకే మేం అవసరం పేజీ ఇప్పుడే, ఏ పిలుపూ లేకముందే, తెలుగుల రాసి పెట్టుకుంటున్నం. వాడల ఇంటింటికి తిరిగి, పోయిన పదేండ్లల్ల పది పాసైన పిల్లలెందరు, ఇంటర్‌ల ఎక్కడ ఆగిండ్రు, ఎందుకు ఆగిండ్రు, డిగ్రీ అయినోళ్లు ఇప్పుడేం పని చేస్తున్నరు రాసుకుంటున్నం. రెండు వాడలు అయినయి. మా డిగ్రీ పిల్లనే రాస్తున్నది, నోటు బుక్కు సగం నిండింది. రేపు ఏ సారు కారు దిగినా ఈ లెక్క మా కాడ ఉంటది, దాని కింద దస్కతులు మావే ఉంటయి. కావాలంటే ఆయన సాక్షి సంతకం పెట్టొచ్చు.

వచ్చే ఆదివారం పొద్దుగాల పది గంటలకు మా వాడ కమ్యూనిటీ హాలుల కూసుంటున్నం. కాలేజోళ్లు విడిచిపోయిన ఆ రెండు పేజీల కాగితం, దాని తెలుగు తర్జుమా గోడకు అంటిస్తం. చుట్టుపక్కల ఊర్ల సంఘాలు తమకు వచ్చిన ఇసుమంటి కాగితాలుంటే పట్టుకొని రండ్రి, దస్కతు పెట్టినవైనా సరే, పెట్టనివైనా సరే. ఇంగ్లీషు వచ్చిన పిల్లలను తోలుకరండ్రి. చదువు రాని పెద్దోళ్లు తప్పకుండ రావాలె, ఏ ఇంటి పిల్ల ఏ ఏడు బడి మానేసిందో వాళ్లకే యాదికుంటది.